ఎద్దడి నాటి కుళాయి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఎండలు ముదిరేకొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మంచినీటి సంగతే ఎక్కువవుతుంది. ఈసారి విజయవాడ, గుంటూరు పాఠకుల నుంచి వచ్చినవన్నీ ఇంచుమించు ఒకే విషయాన్ని అడుగుతున్నాయి. నీళ్ళు చాలనప్పుడు పురపాలక యంత్రాంగం పెట్టే నియమాలు ఎవరిని కట్టడి చేయడానికి, ఎవరికి నీరు అందించడానికి? వాటిలో కొన్నింటికి ఇక్కడ సమాధానమిస్తున్నాము.

కృష్ణ ఒడ్డునే ఉన్న ఊరికి నీటి ఎద్దడి ఏమిటి? బ్యారేజీ మీద నిలబడితే నీళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. ఈ నియమాలన్నీ చేతగానితనాన్ని కప్పిపుచ్చుకోవడానికేనని నా అనుమానం.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కృష్ణలంక, విజయవాడ

అయ్యా, మీ అనుమానంలో కొంత న్యాయం ఉంది. లెక్క వేసి చూద్దాం. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ వెనుక నిండుగా నిలిచే నీరు సుమారు 3 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 2,832 కోట్ల లీటర్లు. భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం చెబుతుంది. ఆ లెక్కన పది లక్షల మందికి ఏడాది పొడుగునా కావలసింది 1.75 టీఎంసీలు మించదు.

అయితే ఆ నీరు ఒక్క విజయవాడది కాదు. ఎగువన నాగార్జునసాగర్, పులిచింతల నుంచి దిగివచ్చిన నీటిలోనే డెల్టాలోని 13 లక్షల పైచిలుకు ఎకరాల సాగు, గుంటూరు తాగునీరు, కాలువలు కట్టేసేముందు నింపుకునే పల్లెల మంచినీటి చెరువులు అన్నీ గడవాలి. పైగా నదిలో ఉన్న నీరు వేరు, శుద్ధి అయి కుళాయికి చేరే నీరు వేరు. నీటిమట్టం తగ్గేకొద్దీ ఒడ్డున ఉన్న పంపులకు అందే నీరు తగ్గుతుంది, బురద పెరుగుతుంది. ఎండాకాలంలో కూలర్లూ రెండుపూటల స్నానాలూ కలిసి వాడకం ఎక్కువవుతుంది గాని, శుద్ధి కేంద్రం సామర్థ్యం మాత్రం జనవరిలో ఎంతో మే నెలలోనూ అంతే. గుంటూరు పరిస్థితి ఇంకా సున్నితమైనది. నది నుంచి పంపులతో తోడిన నీరు గొట్టాల్లో తక్కెళ్ళపాడు చేరి, అక్కడ శుద్ధి అయి ఊళ్ళోకి రావాలి. ఆ దారిలో ఒక పెద్ద గొట్టం పగిలినా, విద్యుత్తు ఆగినా నగరంలో చాలా భాగానికి ఆ పూట నీరుండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నడుములోతు నీళ్ళలో నిలబడి తాగునీటి సీసాల కోసం చేతులు చాచిన జనాన్ని మనం చూశాము. నీరు ఎంత ఉన్నదనే ప్రశ్న కంటే అది ఎవరి గడపకు ఏ స్థితిలో చేరుతున్నదనేదే అసలు ప్రశ్న అని అప్పటి నుంచి నాకు మరీ గట్టిగా అనిపిస్తున్నది.

మా అపార్ట్‌మెంట్‌లో కార్లు పైపుతో కడగవద్దని నోటీసు అంటించాము. కొందరు ఒప్పుకోవడం లేదు. నిజంగా జరిమానా వేసే అధికారం మునిసిపాలిటీకి ఉందా?
— సంఘం కార్యదర్శి, సత్యనారాయణపురం, విజయవాడ

ఉన్నది. నగరపాలక సంస్థలకు వర్తించే 1955 నాటి చట్టంలోనే కుళాయి కనెక్షన్ షరతులకు లోబడి ఇచ్చేదిగా ఉంటుంది. నీటిని వృథా చేసినా, ఇచ్చిన పనికి కాక మరో పనికి వాడినా చర్య తీసుకోవచ్చు. దానికి తోడు కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ 2020 అక్టోబరు 8న పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఒక ఉత్తర్వు జారీ చేసింది. తాగడానికి పనికివచ్చే నీటిని ఎవరూ వృథా చేయకూడదనీ, అలా చేయకుండా చూసే ఏర్పాటును స్థానిక సంస్థలు చేయాలనీ దాని సారాంశం.

ఇతర నగరాల అనుభవం చూడండి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి వాహనాలు కడగడానికి, తోటలకు, నిర్మాణాలకు, ఫౌంటెన్లకు తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. అదే ఏడాది మే నెలాఖరులో ఢిల్లీ ప్రభుత్వం పైపుతో కార్లు కడిగినా, ట్యాంకు పొర్లిపోనిచ్చినా 2,000 రూపాయలన్నది. చండీగఢ్‌లో ప్రతి వేసవిలోనూ, నీరు వదిలే ఉదయపు వేళల్లో పచ్చికకు నీళ్ళు పెట్టడాన్నీ పైపుతో వాహనాలు కడగడాన్నీ నిషేధిస్తారు. నాకు వీటిలో చండీగఢ్ పద్ధతి నచ్చింది. అది ఏటా ముందే తెలిసిన నియమం కాబట్టి జనం దానికి అలవాటు పడతారు. ఎద్దడి నెత్తిమీదికి వచ్చాక హడావుడిగా తెచ్చిన జరిమానాకు ఆ బలం ఉండదు.

మీ సభ్యులకు చట్టం కంటే లెక్క చూపించడం మేలు. నిమిషానికి 15 లీటర్లు వచ్చే పైపును 20 నిమిషాలు వదిలితే 300 లీటర్లు పోతాయి. అది ఇద్దరు మనుషుల ఒక రోజు వాటా కంటే ఎక్కువ. అదే పని రెండు బకెట్ల నీళ్ళు, ఒక గుడ్డతో 30 లీటర్లలో అవుతుంది. ఎవరైనా జరిమానా అడిగితే మాత్రం ఏ ఉత్తర్వు ప్రకారం అడుగుతున్నారో చూపమనండి, రసీదు తీసుకోండి. అలా అడగడం మీ హక్కు.

మాది మొగల్రాజపురం కొండ మీద ఇల్లు. పంపు వచ్చేది ఒక్క గంట. ఆ గంటలో కింది వీధివాళ్ళు కుళాయికి నేరుగా మోటార్లు పెట్టి లాగేసుకుంటారు. మాకు బిందెడు నీళ్ళు రావు. అడిగితే గొడవ. నియమాలన్నీ మాలాంటివాళ్ళకేనా?
— గృహిణి, విజయవాడ

అమ్మా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువగా కదిలించినది మీది. ఎద్దడి కాలానికి ఒకే ఒక్క నియమం పెట్టి అమలు చేయమంటే, కార్ల సంగతి పక్కన పెట్టి, కుళాయికి నేరుగా మోటారు బిగించకూడదన్న నియమాన్నే ముందు అమలు చేయమంటాను.

గొట్టంలో నీరు పైకెక్కేది ఒత్తిడి వల్ల. ఒకే గొట్టం మీద ఉన్న ఇళ్ళన్నీ ఆ ఒత్తిడిని పంచుకుంటాయి. పల్లంలో నాలుగు మోటార్లు ఒక్కసారి లాగితే మెట్ట మీది ఇంటికి చేరవలసిన ఒత్తిడి కిందనే హరించుకుపోతుంది. అంటే ఆ మోటారు కొత్త నీటిని పుట్టించడం లేదు, మీ బిందెలోని నీటిని వాళ్ళ ట్యాంకులోకి మళ్ళిస్తున్నది, అంతే.

అంతకంటే భయపడవలసినది ఇంకొకటి ఉన్నది. మోటారు లాగినప్పుడు గొట్టంలో శూన్యం ఏర్పడుతుంది. మన వీధుల్లో మంచినీటి గొట్టాలు చాలాచోట్ల మురుగుకాలువ పక్కనో, దాని అడుగునో పోతుంటాయి. గొట్టానికి ఎక్కడైనా సన్నని పగులు ఉంటే, అందులోంచి బయటి మురుగు లోపలికి పీల్చుకుంటుంది. నీరు రాని వేళల్లో ఖాళీ గొట్టానికీ ఇదే ప్రమాదం ఉంటుంది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట పరిసరాల్లో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు కోల్పోయిన సంగతి ఆ ఊరివాళ్ళు ఇంకా మరచిపోలేదు. నేరుగా మోటారు పెట్టేవారు ఇతరుల వాటాతో పాటు తమ పిల్లల ఆరోగ్యాన్ని కూడా పణంగా పెడుతున్నారని మీ కింది వీధిలో ఎవరైనా పెద్దమనిషి చేత చెప్పించండి. గొడవకు లొంగనివారు ఒక్కోసారి ఈ మాటకు లొంగుతారు.

సంపులోకి నీరు దానంతట అది పడిన తరువాత, సంపు నుంచి మేడ మీదికి మోటారుతో ఎక్కించుకోవడం తప్పు కాదు. ఆ తేడా చాలామందికి తెలియదు. అయితే సంపు మూత కింద, నిండగానే నీటిని ఆపే ఫ్లోట్ వాల్వు లేకపోతే అది నిండి పొర్లుతూనే ఉంటుంది. పల్లంలోని పెద్ద సంపులు కూడా మోటారు లేకుండానే మీ వాటాను తినగలవు.

హైదరాబాద్ జలమండలి 2025 ఏప్రిల్‌లో నేరుగా పెట్టిన మోటార్లను పట్టుకుని, 5,000 రూపాయల జరిమానా వేసే కార్యక్రమం చేపట్టింది. కొన్ని ఊళ్ళలో నీరు వదిలే గంటసేపు కరెంటు తీసేస్తారు. దాన్ని నేను సమర్థించలేను. నలుగురు చేసిన తప్పుకు వీధి మొత్తం, అందులోని రోగులూ పసిపిల్లలూ ఉక్కపోతలో బాధపడటం న్యాయం కాదు. కొండ ప్రాంతానికి వేరే వాల్వు పెట్టి, పల్లానికి వదిలేముందే అరగంట పాటు మీకు వదలడం సరైన మార్గం. మీరు ఒక్కరుగా కాక, మీ వరుసలోని ఇళ్ళవాళ్ళందరూ సంతకాలు చేసి, ఏ తేదీన ఎన్నింటికి నీరు మొదలైంది, ఎన్ని బిందెలు వచ్చాయి అని పది రోజుల పట్టీ రాసి, వార్డు సచివాలయంలో నీటి సరఫరా వంటివి చూసే ఎమినిటీస్ కార్యదర్శికి ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. తేదీలూ లెక్కలూ ఉన్న కాగితాన్ని తోసిపుచ్చడం ఏ అధికారికైనా కష్టమే.

మా బోరు మా స్థలంలో, మా ఖర్చుతో వేసుకున్నది. దాని నీటిని ఎలా వాడుకున్నా అడిగే హక్కు ఎవరికి?
— భవన యజమాని, బ్రాడీపేట, గుంటూరు

బోరు మీదే, నీరు మాత్రం మీ ఒక్కరిది కాదు. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, వృక్షాల పరిరక్షణ చట్టం, అందరూ వాల్టా అనేది, బావులనూ బోర్లనూ నమోదు చేయించాలంటుంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్తది తవ్వకూడదు. భూగర్భజలం దెబ్బతింటుందని తోస్తే, ఒక ప్రాంతంలో నీరు తోడడాన్ని ఆరు నెలల దాకా ఆపే అధికారం కూడా ఆ చట్టం కింద ఉన్నది. కాబట్టి ట్యాంకర్లకు అమ్మడం వంటివి మీ ఇష్టానికి వదిలిన సంగతులు కావు.

తోడుకున్నదానికి బదులుగా ఎంత ఇస్తున్నామని కూడా చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మన ప్రాంతంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురుస్తుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద పడేది లక్ష లీటర్లకు దగ్గర. మే నెల దాటకముందే ఇంకుడుగుంతలోని పాత ఇసుక, కంకర తీసి కడిగి మళ్ళీ నింపండి. పూడిపోయిన గుంత ప్లాను మీద గీతగానే మిగులుతుంది.

మా వీధిలో మెయిన్ పైపు నెల నుంచి కారుతోంది. మేము మొక్కలకు పోస్తే తప్పు, వాళ్ళు రోడ్డు మీద వదిలేస్తే తప్పు కాదా?
— ఊరు రాయవద్దని కోరిన పాఠకుడు

తప్పే, మరింత పెద్ద తప్పు. నిమిషానికి 10 లీటర్లు కారే చిన్న లీకు రోజుకు 14,400 లీటర్లు పోగొడుతుంది. 135 లీటర్ల చొప్పున అది నూరుమందికి పైగా ఒక రోజు సరిపోయే నీరు. ఇంట్లో సెకనుకో చుక్క కారే కుళాయి రోజంతా కారితే పోయేది నాలుగు లీటర్ల చిల్లర. వాషర్ మార్చమని గృహస్థుకు చెప్పేముందు గొట్టం బాగుచేయవలసిన బాధ్యత ఎవరిదో ఈ రెండు అంకెలే చెబుతాయి. లీకు ఫొటో, తేదీ జతచేసి సచివాలయంలో ఫిర్యాదు ఇవ్వండి. కదలిక లేకపోతే సోమవారం ప్రజా ఫిర్యాదుల వేదికలో నమోదు చేయించి సంఖ్య తీసుకోండి.

ఇళ్ళకు మీటర్లు పెట్టాలన్న చర్చ వచ్చినప్పుడల్లా నా అభిప్రాయం ఒకటే. ముందు ప్రతి వార్డుకు వెళ్ళే పెద్ద గొట్టానికి మీటరు పెట్టి, ఎంత పంపారో ఎంత చేరిందో ప్రకటించాలి. తన లీకు ఎంతో తనకే తెలియని యంత్రాంగం జనాన్ని పొదుపు చేయమంటే ఆ మాటకు బరువుండదు.

ఆర్‌వో యంత్రం వదిలే నీటిని మొక్కలకు పోయవచ్చా?
— విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు

రోజూ పోయవద్దు, ఉప్పు పేరుకుని వేళ్ళు దెబ్బతింటాయి. నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడండి. అసలు మీ కుళాయి నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే లవణాల కోసం ఆర్‌వో అక్కరలేదు. అటువంటి చోట్ల వాటి వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది.

రోజు మార్చి రోజు నీళ్ళు వస్తున్నందున డ్రమ్ముల్లో పట్టి ఉంచుతున్నాము. దోమలు పెరుగుతాయని ఆరోగ్య కార్యకర్త వచ్చి పారబోయమంటోంది. ఏది వినాలి?
— గృహిణి, పాత గుంటూరు

పారబోయనక్కరలేదమ్మా, మూత బిగించండి. డెంగీ దోమ గుడ్డు మంచినీటిలో దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. డ్రమ్ముకు మూత లేకపోతే పలుచని నూలు గుడ్డ కట్టండి. వారానికి ఒక రోజు, పంపు వచ్చే పూటకు ముందు, అడుగున మిగిలిన నీటిని బట్టలకో వాకిలికో వాడేసి, లోపలి గోడలను కొబ్బరి పీచుతో రుద్దండి. గుడ్లు నీటి అంచు దగ్గర గోడకు అంటుకుని ఉంటాయి, నీళ్ళు ఒంపినంత మాత్రాన పోవు. పంపు వచ్చిన మొదటి రెండు బిందెలను తాగడానికి ఉంచుకోకండి. వాటితోనే ఆ డ్రమ్ము కడగండి.