వైరస్‌ల మీద రీసెర్చ్ చేస్తానంటున్న పాపకు ఏ దారి?

ప్రశ్న: మాది నరసరావుపేట. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. నీట్ కోచింగ్ మధ్యలో ఆపేసి, డాక్టర్ చదువు వద్దు, కరోనాలాంటి వైరస్‌ల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. 2021 మేలో మా మామగారు కోవిడ్‌తో పోయారు. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కోసం మావారు గుంటూరు, విజయవాడ తిరిగి నానా తంటాలు పడి, బ్లాకులో కొనుక్కొచ్చారు. అయినా దక్కలేదు. "ఆ ఇంజెక్షన్ అసలు పనిచేసేదేనా అమ్మా?" అని పాప ఇప్పటికీ అడుగుతుంటుంది. కరోనా అయిపోయింది కదా, ఇప్పుడు దాని మీద చదివితే ఉద్యోగం ఎక్కడ వస్తుంది? ఎన్నేళ్లు చదవాలి? నాకు టెన్షన్‌గా ఉంది. — ఒక తల్లి

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది పాప అడుగుతున్న ఆ ప్రశ్నే. ల్యాబ్‌లో వైరస్‌ను పెంచి పరిశీలించేవాళ్లు దానికి పూర్తి జవాబు చెప్పలేరు. వేలమంది రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందిచ్చి, ఇంకో గుంపుకు మామూలు వైద్యమే చేసి, నెల తిరిగాక ఎంతమంది బతికారో లెక్క తీసేవాళ్లు చెబుతారు. దాన్ని క్లినికల్ ట్రయల్ అంటారు. ఆ పని వెనక ఉండే చదువులు ఎపిడెమియాలజీ (జబ్బులు జనంలో ఎలా పాకుతాయో చూసేది), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య సమాచారాన్ని లెక్కల్లో తేల్చేది). పాప నోట వచ్చే మాట వైరస్ గానీ, మనసు ఇటు ఉందేమోనని నాకనిపిస్తోంది. ముందు ఇది తేలితేనే ఏ పరీక్ష రాయాలో తేలుతుంది.

పాప ప్రశ్నకు జవాబు కూడా చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా దేశాల్లో కలిపి నడిపిన సాలిడారిటీ ట్రయల్ తొలి ఫలితాలు 2020 అక్టోబరులోనే వచ్చాయి. ఆస్పత్రిలో చేరినవారి మరణాలను రెమ్‌డెసివిర్ తగ్గించిన దాఖలా అందులో పెద్దగా కనబడలేదు. కొందరు నాలుగైదు రోజులు ముందుగా కోలుకున్నారని అమెరికాలో జరిగిన మరో ట్రయల్ చెప్పింది, అంతే. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే నాన్న బతికేవారేమో అన్న బాధ మీవారికి ఉంటే, ఈ సంగతి ఆయనకు తప్పకుండా చెప్పండి. ఆయన చేయగలిగిందంతా చేశారు.

ఇక కరోనా అయిపోయింది కదా అన్న సందేహం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎమర్జెన్సీని 2023 మే 5న ఎత్తేసింది. నిజమే, టెస్టులు తగ్గగానే కాంట్రాక్టు మీద తీసుకున్న ల్యాబ్ టెక్నీషియన్లలో చాలామంది ఇంటిదారి పట్టారు. అయితే ఆ రోజుల్లో ముందు నిలబడినవాళ్లెవరూ కరోనా కోసం చదువుకున్నవాళ్లు కారు. ఎంఆర్ఎన్ఏ వ్యాక్సిన్లకు దారి వేసినందుకు 2023లో నోబెల్ అందుకున్న కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌ల కీలకమైన పేపర్ 2005 నాటిది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఎన్ఐవీతో కలిసి కోవాక్సిన్ చేసిన భారత్ బయోటెక్ అంతకుముందే రోటావైరస్, టైఫాయిడ్ టీకాలు చేసింది. వైరస్ వస్తుంది, పోతుంది. చేతిలో ఉన్న పని నిలుస్తుంది. పాప ఏ పని నేర్చుకుంటుందన్నదే మీరు చూసుకోవాలి.

ఆ పని ఎలా ఉంటుందో ఒకటి దగ్గరగా చూపిస్తాను. 2020లో హైదరాబాద్‌లో సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ), ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కలిసి మురుగునీటి శుద్ధి కేంద్రాల దగ్గర నీళ్లు పట్టారు. సోకినవారి మలంలో వైరస్ ఆనవాళ్లు 35 రోజుల దాకా పోవచ్చు, లక్షణాలు లేనివారిలోనూ. ఆ మురుగును వడగట్టి, చిక్కబరిచి, అందులోంచి ఆర్ఎన్ఏ తీసి ఆర్టీపీసీఆర్ మెషీన్‌లో పెట్టారు. మెషీన్‌లో ఒక్కో సైకిల్‌కు జన్యుపదార్థం రెట్టింపవుతూ పోతుంది. తక్కువ సైకిళ్లకే సిగ్నల్ వస్తే వైరస్ ఎక్కువున్నట్టు. ఇక్కడిదాకా బయాలజీ. ఆ తర్వాతంతా లెక్కలే. లీటరు మురుగులో ఇంత ఉంటే, ఒక మనిషి రోజుకు ఇంత వదిలితే, కేంద్రానికి రోజుకు ఇన్ని లీటర్లు వస్తే, ఎంతమందికి సోకినట్టు? అలా వేస్తే నగరంలో సుమారు 6.6 లక్షలమంది అని తేలింది. అప్పటి అధికారిక కేసుల సంఖ్య దాని దరిదాపుల్లో కూడా లేదు. ఒక్కొక్కరి ముక్కులో పుల్ల పెట్టకుండా ఒక ఊరి పరిస్థితి తెలుసుకోగలగడం నన్నెప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి.

బైపీసీ తీసుకున్నాం కాబట్టి లెక్కలతో పనిలేదనుకునే పిల్లలను రోజూ చూస్తుంటాను. ఈ రంగంలో అది కుదరదు. పాపను ఇప్పటినుంచే పదకొండు, పన్నెండు తరగతుల ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ పాఠాలు చదవమనండి.

ఇప్పుడు దారుల సంగతి. పాపకు నిజంగా వైరస్ లోపల ఏముందో చూడాలని ఉంటే, కేంద్రప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలైన ఐసర్‌లు ఉన్నాయి. దేశంలో ఏడు, మనకు దగ్గరలో తిరుపతి. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. ప్రవేశపరీక్ష ఐఏటీలో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్‌తో పాటు మ్యాథ్స్ ప్రశ్నలూ ఉంటాయి. బైపీసీ పిల్లలు రాయొచ్చు, చేరినవాళ్లూ ఉన్నారు, మొదటి ఏడాది మ్యాథ్స్‌తో కాస్త కష్టపడతారు. మంచి డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చేసి, ఎమ్మెస్సీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలాంటి చోటికి వెళ్లినా తక్కువేం కాదు. మేనేజ్‌మెంట్ కోటాలో బీటెక్ బయోటెక్నాలజీకి లక్షలు కట్టే ఆలోచన ఉంటే మాత్రం ముందు కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూడండి. పీసీఆర్ మెషీన్ ఉందా అని అడగండి. పిల్లలు దాన్ని ఎన్నిసార్లు ముట్టుకున్నారని సీనియర్లను విడిగా అడగండి.

పాప మనసు మందుల ట్రయల్స్ వైపు, జనారోగ్యం వైపు ఉంటే మాత్రం కథ మారుతుంది. ఇటువైపు అన్నిటికంటే పెద్ద తలుపు ఎంబీబీఎస్సే. దాని తర్వాత కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ గానీ పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ గానీ చేయొచ్చు. దేశవ్యాప్తంగా సీరో సర్వేలు (ఎంతమందికి వైరస్ సోకిందో రక్తపరీక్షలతో తేల్చేవి) నడిపిన చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీలాంటి సంస్థల్లో అలాంటి డాక్టర్లు పనిచేస్తారు. డాక్టర్ అంటే క్లినిక్‌లో కూర్చుని చీటీ రాసేవారే అని పాప అనుకుంటోందేమో కనుక్కోండి. అందుకే నీట్‌ను ఇప్పుడే కొట్టేయొద్దంటున్నాను. సీటు రాకపోతే ఈఏపీసెట్ ద్వారా మందుల మీద చదివే ఫార్మ్-డి కోర్సు ఉంది, ఆరేళ్లు. ఆ తర్వాత క్లినికల్ రీసెర్చ్, మందుల దుష్ప్రభావాలను గమనించే ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగాలు హైదరాబాద్‌లోనే దొరుకుతాయి.

మహమ్మారి దెబ్బ ఆరోగ్యంతో ఆగలేదు కాబట్టి పరిశోధన కూడా ఆగలేదు. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు దేశంలోని పల్లెల్లో 2018లో 27.3 శాతం, బడులు మూతపడి తెరిచాక 2022లో 20.5 శాతం అని పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే చెప్పింది. అలాంటి పని ఎకనామిక్స్, ఎడ్యుకేషన్ చదివినవాళ్లది. పాపకు ఇది చెప్పి ఉంచండి చాలు.

ఏళ్లు, డబ్బు గురించి దాచకుండా చెబుతాను. ల్యాబ్ దారిలో ఇంటర్ తర్వాత మాస్టర్స్ దాకా ఐదేళ్లు, పీహెచ్‌డీ మరో ఐదారేళ్లు, ఆపైన తాత్కాలిక పరిశోధన ఉద్యోగమైన పోస్ట్‌డాక్. స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటుతుంది. పీహెచ్‌డీలో మీరు డబ్బు కట్టక్కర్లేదు. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000 ఇస్తున్నారు, ఇంటద్దె అదనం. ఒక్కోసారి ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి ఆలస్యమవుతుంది కూడా. ఇంట్లో అప్పులుండి, పాప త్వరగా సంపాదించాల్సిన పరిస్థితి అయితే ఆ మాట ఆమెతో ఇప్పుడే చెప్పండి. పెళ్లి మాట ఎప్పుడు ఎత్తుతారో కూడా. మధ్యలో ఆగిపోయిన పీహెచ్‌డీల వెనక ఈ రెండు కారణాలూ ఎక్కువే.

ఒక ఆదివారం పాప ముందు ఈ అంకెలు పెట్టండి. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్‌ను 2,104 మందికి ఇచ్చారు, 4,321 మందికి మామూలు వైద్యమే చేశారు. వెంటిలేటర్ మీదున్నవారిలో 28 రోజుల్లో మరణాలు 41.4 శాతం నుంచి 29.3కు తగ్గాయి. ఆక్సిజన్ మీదున్నవారిలో 26.2 నుంచి 23.3కు. ఆక్సిజన్ అవసరంలేనివారిలో తగ్గలేదు సరికదా, మామూలు వైద్యంలో 14 శాతం ఉంటే, మందిచ్చిన గుంపులో 17.8 వచ్చింది. ఆ చివరి తేడా యాదృచ్ఛికం కావచ్చు, లాభం మాత్రం లేదు. మన ఊళ్లలో ఒళ్లు వెచ్చబడిన రెండోరోజే స్టెరాయిడ్ బిళ్లలు మింగినవాళ్లెందరో, షుగర్ ఉండి అలా వాడి బ్లాక్ ఫంగస్ తెచ్చుకున్నవాళ్లెందరో మీకు తెలుసు.

ఒకే మందు కొందరికి మేలు చేసి ఇంకొందరికి ఎందుకు చేయలేదని అడగండి. శరీరం లోపల ఏం జరిగి ఉంటుందని వెతకడం మొదలుపెడితే ఐఏటీకి సీరియస్‌గా చదివించండి. గుంపులను ఎలా విడదీశారు, ఆ తేడాను నమ్మొచ్చా అని అడిగితే నీట్ పుస్తకాలు మళ్లీ బయటికి తీయమనండి. ఏదైనా సరే, ఈ ఏడాది నీట్, ఐఏటీ, ఈఏపీసెట్ మూడింటికీ అప్లై చేయించండి. పాప ఏమడిగిందో నాకు రాయండి, తర్వాతి మెట్టు అప్పుడు మాట్లాడుకుందాం.