గ్రిడ్‌ను ఇంటర్నెట్‌కు కలపకపోతే హ్యాకర్లు ఎలా వస్తారు?

కంట్రోల్ సిస్టమ్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచితే సరిపోదా అని మీ ప్రశ్న. సబ్‌స్టేషన్లలో రిలేలు (లైన్‌లో లోపం వస్తే కరెంటు ఆపించే పరికరాలు), స్కాడా (సబ్‌స్టేషన్లను దూరం నుంచి చూస్తూ నడిపే కంప్యూటర్ వ్యవస్థ) పని చూసేవాడిగా చెప్తున్నాను: దూరంగా ఉంచామని అందరూ అంటారు, ప్యానెల్ తలుపు తీస్తే కథ వేరు.

ఒక సబ్‌స్టేషన్‌కు తనిఖీకి వెళ్లాను. డ్రాయింగ్ ప్రకారం బయటికి ఒక్క లింకూ లేదు. కానీ రిలే ప్యానెల్ వెనక, కేబుల్ ట్రేకి ట్యాగ్‌తో బిగించి ఓ చిన్న సిమ్ మోడెమ్ ఉంది, లైటు వెలుగుతూనే ఉంది. కమిషనింగ్ (కొత్త పరికరాలను పరీక్షించి నడిపించే పని) అప్పుడు ప్రతి చిన్న పనికీ ఏం వస్తాంలే అని సప్లయర్ ఇంజనీర్లు పెట్టుకున్నారట. పని ముగిసినా అది అక్కడే ఉండిపోయింది. పాస్‌వర్డ్ కూడా మాన్యువల్‌లో అచ్చేసిందే. ముందు ఎంత గొప్ప ఫైర్‌వాల్ పెట్టినా ఇలాంటి దొడ్డిదారి ఉంటే ఏం లాభం?

2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో జరిగింది చూడండి. మెయిల్‌లో పంపిన మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఫైల్‌తో హ్యాకర్లు ముందు ఆఫీసు కంప్యూటర్లలోకి దూరారు. నెలల తరబడి గుట్టుగా ఉండి, వీపీఎన్ (బయటి నుంచి లోపలి నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) పాస్‌వర్డ్‌లు కాజేసి స్కాడాలోకి వెళ్లారు. ఓటీపీ లాంటి రెండో తాళం లేదు. ఆపరేటర్లు చూస్తుండగానే మౌస్ దానంతటదే కదిలి బ్రేకర్లు (లైన్లను కలిపే, తెంచే పెద్ద స్విచ్‌లు) ఓపెన్ చేసింది, అంటే కరెంటు ఆపేసింది. మూడు పంపిణీ సంస్థల్లో సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. అంతటితో ఆగక సబ్‌స్టేషన్లతో సంబంధం కలిపే కన్వర్టర్ల ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) చెడగొట్టారు, కాల్ సెంటర్‌ను ఉత్తుత్తి కాల్స్‌తో ముంచెత్తారు.

అయినా కొన్ని గంటల్లోనే కరెంటు వచ్చింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లు చేత్తో వేశారు కాబట్టి! నా దృష్టిలో ఈ కేసులో అసలు విషయం ఇదే, కానీ దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్‌లు) వేస్తే పోదా అని ఐటీ వాళ్లు అడుగుతుంటారు. రిలే ఫర్మ్‌వేర్ మార్చాలంటే ముందు షట్‌డౌన్ దొరకాలి, మార్చాక మళ్లీ టెస్టింగ్ చేయాలి. పైగా ఐఈసీ 104 లాంటి పాత ప్రోటోకాల్‌లో (కంట్రోల్ సెంటర్, సబ్‌స్టేషన్ మాట్లాడుకునే పద్ధతి) కమాండ్ ఎవరు పంపారని అడిగే పద్ధతే లేదు, వచ్చింది వచ్చినట్టు పాటిస్తుంది. 2016లో కీవ్ దగ్గర సబ్‌స్టేషన్‌ను ఆపిన ఇండస్ట్రాయర్ అనే మాల్‌వేర్ వాడుకున్నది సరిగ్గా దీన్నే.

అందుకే నేను పట్టుబట్టేవి కొన్నే. సప్లయర్ లింక్ పని ఉన్నప్పుడే తెరవాలి, పని కాగానే మూసేయాలి. రిలే సెట్టింగ్‌లకు వాడే ల్యాప్‌టాప్‌లో మెయిల్ ఉండకూడదు. సెట్టింగ్ ఫైళ్ల కాపీ నెట్‌వర్క్‌కు బయట ఉండాలి.

వీటన్నిటికంటే ముఖ్యం డ్రిల్. స్కాడా లేదనుకుని, రిమోట్ స్విచ్‌ను లోకల్‌కు (అక్కడికక్కడే నడిపేలా) తిప్పి ఒక ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయటికి కరెంటు తీసుకెళ్లే లైన్) వేయమని అడగండి. ఒకచోట నేనే అడిగితే ప్యానెల్ తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక ఫోన్లు మొదలుపెట్టారు. ఈసారి డ్రిల్ ఫోన్లు కూడా లేకుండా చేయమని చెప్పి వచ్చాను.