పాఠకుల ప్రశ్నలు: రాటర్‌డ్యామ్ రేవు దాటిన మిర్చి

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో మా అన్నయ్య కొనే తేజ రకం ఎండుమిర్చి నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ రేవుకు ఎగుమతి అవుతుంది. అక్కడ ఒకసారి కస్టమ్స్ దాటితే జర్మనీకైనా, పోలండ్‌కైనా మళ్లీ కస్టమ్స్ లేకుండానే వెళుతుందట. అంటే ఐరోపా సమాఖ్యలోని 27 దేశాలూ ఒకే దేశమైనట్లేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కాదు. ఐరోపా సమాఖ్యలోని ప్రతి దేశానికీ సొంత ప్రభుత్వమూ, సైన్యమూ ఉన్నాయి. కొన్ని అధికారాలను మాత్రమే అవి ఒప్పందాల ద్వారా ఉమ్మడి సంస్థల చేతికి ఇచ్చాయి. అందుకే ఎండుమిర్చిలో మొత్తం అఫ్లాటాక్సిన్లు (బూజు వల్ల పుట్టే విషపదార్థాలు) కిలోకు 10 మైక్రోగ్రాములు మించరాదన్న నిబంధన అన్ని దేశాల్లోనూ ఒక్కటే. దిగుమతి సుంకం ఏ రేవులో వసూలైనా అందులో 75 శాతం ఉమ్మడి బడ్జెట్‌కు చేరుతుంది, వసూలు చేసిన దేశం ఖర్చుల కింద 25 శాతం ఉంచుకుంటుంది.

ఇది వ్యాపారుల సౌకర్యం కోసం మొదలైన ఏర్పాటు కాదు. 70 ఏళ్లలో మూడుసార్లు యుద్ధానికి దిగిన ఫ్రాన్స్, జర్మనీలు మళ్లీ ఆ దారి పట్టకుండా, ఆయుధాలకు మూలమైన బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒకే అధికార సంస్థ కింద ఉంచుదామని ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ 1950 మే 9న ప్రతిపాదించారు. మరుసటి ఏడాది పారిస్‌లో ఆరు దేశాలు సంతకాలు చేశాయి. 1957 నాటి రోమ్ ఒప్పందం ఆ పొత్తును మిగతా సరుకులకూ విస్తరించగా, 1968లో ఆ ఆరింటి మధ్య సుంకాలు తొలగిపోయాయి. ఒకే రాజ్యాంగం కింద ఉన్న మన రాష్ట్రాల సరిహద్దుల్లోనే పన్నుల చెక్‌పోస్టుల దగ్గర లారీలు బారులు తీరడం 2017లో జీఎస్టీ వచ్చేదాకా సాగిందని తలచుకుంటే, అదెంత పెద్ద పనో అర్థమవుతుంది.

నా దృష్టిలో అసలు కీలకం ఓటింగు పద్ధతిలో ఉంది. సమాఖ్య కార్యనిర్వాహక సంస్థ అయిన కమిషన్ ప్రతిపాదించిన చట్టాన్ని ప్రజలు నేరుగా ఎన్నుకున్న పార్లమెంటూ, ఆయా ప్రభుత్వాల మంత్రులు కూర్చునే మండలీ ఆమోదించాలి; మండలిలో చాలా విషయాలకు 15 దేశాలు ఒప్పుకుని, సమాఖ్య జనాభాలో 65 శాతం ఆ దేశాల్లో ఉంటే చాలు. పన్నులు, విదేశాంగ విధానం వంటి వాటికి మాత్రం అందరి సమ్మతీ కావాలి. 1985లో ఢాకాలో ఏర్పడిన మన దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌లోనైతే ప్రతి నిర్ణయమూ ఏకగ్రీవంగానే జరగాలి, పైగా రెండు దేశాల మధ్య తగాదాలను చర్చకు తేరాదు. 2014 ఖాట్మండూ సమావేశం తరువాత దాని శిఖరాగ్ర సమావేశమే జరగకపోవడం బాధాకరం.

ప్రశ్న: ఇష్టం లేని దేశం సమాఖ్య నుంచి బయటకు రావచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: రావచ్చు. 2016 ప్రజాభిప్రాయ సేకరణ తరువాత బ్రిటన్ 2020 జనవరి 31న వైదొలగింది. కనుక పై పాఠకుడి అన్నయ్యగారి సరుకు లండన్‌కు వెళ్లాలంటే ఇప్పుడు రాటర్‌డ్యామ్ కాగితాలు సరిపోవు, బ్రిటన్ నిబంధనల ప్రకారం అక్కడి కస్టమ్స్ వేరుగా దాటాలి.