గుమ్మం కాళ్ళు చదరాలుగా పగిలి పొడి రాలుతోంది, ఇది డ్రై రాటేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ. పాలకొల్లు దగ్గర మీ నాన్నగారు కట్టిన పెంకుటిల్లు. వీధి గుమ్మం ద్వారబంధం కింద జానెడు మేర చదరాలు చదరాలుగా పగిలింది, వేలితో నొక్కితే పొడి రాలుతోంది. వడ్రంగి చెదలు అంటున్నాడు. నెట్‌లో చూస్తే డ్రై రాట్ (చెక్కని కుళ్ళబెట్టే ఒక బూజు) అని, చుట్టూ మీటరు దాకా చెక్క కోసేసి గోడకి బెజ్జాలు పెట్టి మందు పోయాలని రాశారు. మీకు టెన్షన్ పట్టుకుంది, ఫొటో కూడా పెట్టారు.

ముందు ఊపిరి పీల్చుకోండి. గోడ పగలగొట్టాల్సిన పని దాదాపుగా ఉండదు. మాది కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున లంక ఊరు. మా మండువా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది, ఒకే గుమ్మానికి రెండుసార్లు డబ్బు పెట్టాను. మీరు ఒక్కసారితో బయటపడాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట పేరు సంగతి. నెట్‌లో మీరు చదివిన అసలు డ్రై రాట్ చలిదేశాల బూజు. దాని శాస్త్రీయ నామం సెర్పులా లాక్రిమాన్స్. 20 డిగ్రీల చుట్టుపక్కల హాయిగా పెరుగుతుంది, 26 దాటితే నీరసించిపోతుంది, 40 డిగ్రీల వేడి కొన్ని గంటలు తగిలితే చచ్చిపోతుంది. మన దేశంలో అది దొరికింది హిమాలయాల్లోని చల్లటి అడవుల్లో. మే నెలలో మన డెల్టా ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ బూజు పోగులు ఇటుక గోడలోంచి కూడా పాకి, దూరంగా ఉన్న చెక్కని పట్టుకుంటాయి. అందుకే ఆ దేశాల వాళ్ళు మీటరు అవతలి దాకా కోయమని, గోడకి మందు పెట్టమని చెబుతారు. ఆ సలహా వాళ్ళ ఇళ్ళకి సరైనదే. మన దగ్గర చెక్కని తినేది దాని దాయాదుల్లాంటి వేరే శిలీంధ్రాలు. అవి తడి ఉన్న చోటే తింటాయి, తడి ఆరితే ఆగిపోతాయి.

చూడ్డానికి మాత్రం అచ్చం అలాగే ఉంటుంది. చెక్కలో గట్టిదనానికి కారణమైన సెల్యులోజ్‌ని తినేసి, గోధుమరంగు లిగ్నిన్‌ని వదిలేస్తాయి. అందుకే చెక్క రంగు ముదిరి, కాలిన బొగ్గులా అడ్డంగా నిలువుగా పగుళ్ళిచ్చి చదరాలవుతుంది. మనకి కనబడేసరికి పొడిగా ఉంటుంది కాబట్టి తడితో సంబంధం లేదనుకుంటాం. కానీ తడి లేకుండా ఏ బూజూ చెక్కని తినలేదు. చెక్కలో తేమ 20 శాతం లోపే ఉంటే దాని ఆట సాగదు. వానాకాలం గాలి చెమ్మ ఒక్కటీ తగిలితే సాధారణంగా అంత దాకా పోదు. ఎక్కడో ఒకచోట నీళ్ళు అందుతూ ఉండాలి.

ఇక చెదలా, బూజా, పుప్పి పురుగా అన్నది మీరే తేల్చుకోవచ్చు. ఒక స్క్రూడ్రైవర్, టార్చిలైటు చాలు. చెదలైతే మట్టి కనబడుతుంది. గోడ మీద సన్నటి మట్టి దారులు, చెక్క లోపల మట్టి పూసిన గదులు ఉంటాయి. పైన రంగు పొర కాగితంలా నిలబడి ఉండి, తడితే డొల్ల మోత వస్తుంది. పుప్పి పురుగైతే గుండుసూది బెజ్జాలుంటాయి, కింద మైదాపిండిలాంటి మెత్తటి పొడి కుప్ప పడుతుంది. మట్టి లేదు, బెజ్జాలు లేవు, చదరం ముక్క తీసి రెండు వేళ్ళ మధ్య నలిపితే నశ్యంలా అయిపోయింది, దగ్గరగా వాసన చూస్తే ముక్కిపోయిన వాసన వచ్చింది అంటే అది బూజు కుళ్ళు. మీ ఫొటోలో నాకైతే ఎక్కడా మట్టి కనబడలేదు. ఒక మాట, కుళ్ళిన మెత్తటి చెక్కకి చెదలు తర్వాత చేరడం కూడా మామూలే. అందుకని మట్టి కనబడినా సరే తడి ఎక్కడిదో వెతకడం మానొద్దు.

నేను తప్పటడుగు వేసింది అక్కడే. 2022 జూలై వరదకి మా ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు నాలుగు రోజులున్నాయి. ఒండ్రు కడిగేశాం, దసరాకి ఇల్లు మెరవాలని గుమ్మాలన్నిటికీ ఎనామిల్ రంగు వేయించాను. లోపల ఇంకా తడి ఉన్న చెక్కకి పైన ప్లాస్టిక్ సంచి తొడిగినట్టయింది. మర్నాటి వేసవికల్లా పడమటి గది గుమ్మం కాళ్ళు పగుళ్ళిచ్చాయి. వచ్చిన వడ్రంగి చెదలన్నాడు. గచ్చుకి బెజ్జాలు పెట్టి చెదల మందు పోయించాను, కాళ్ళు జానెడు కోసి కొత్త ముక్కలు వేయించాను, మళ్ళీ రంగు వేయించాను. ఏడాదిన్నర తిరక్కుండానే ఆ కొత్త ముక్కలే ముందు కుళ్ళాయి. పాత టేకు వాటికంటే నయంగా ఉంది.

రెండోసారి అయినవిల్లి వైపు నుంచి డెబ్భై దాటిన ఒక వడ్రంగి మేస్త్రిని పిలిచాను. ఆయన పనిముట్ల సంచి విప్పనే లేదు. మా అమ్మని ఒక చెంబుడు నీళ్ళు అడిగి, గడప మీద నెమ్మదిగా పోసి, గొంతుక్కూర్చున్నారు. నన్నూ పక్కన కూర్చోమన్నారు. నీళ్ళు గడప వెంట పాకి ద్వారబంధం కాలు దగ్గరికి వెళ్ళాయి. టైల్‌కీ చెక్కకీ మధ్య వెంట్రుకంత సందులోకి దిగాయి. అంతే, చెంబుడు నీళ్ళూ అందులోకే పోయాయి, ఇంకెక్కడా బయటికి రాలేదు. "కాలు నీళ్ళ తొట్లో పెట్టి ఉంచారమ్మా, ఏ చెక్క అయితే మాత్రం ఏం ఆగుతుంది" అన్నారు మా అమ్మతో.

జరిగిందేమిటంటే, వరదకి ముందు ఏడాది పాత గచ్చు తవ్వకుండా దాని మీదే టైల్స్ వేయించాం. నేల రెండంగుళాలు లేచింది, ద్వారబంధం కాళ్ళు రెండంగుళాలు సిమెంటులో పూడిపోయాయి. మా అమ్మ ప్రతి శుక్రవారం గడప కడిగి పసుపు రాస్తుంది, పెద్ద పండగలకి రెండుపూటలా. ఆ నీళ్ళన్నీ సిమెంటు గుంటలో నిలిచేవి. వరద ఒక్కసారి వచ్చింది, గడప నీళ్ళు మాత్రం వారం వారం వచ్చాయి. పైగా మొదటి వడ్రంగి వేసిన ముక్కలు టేకే అయినా చేవ (మాను నడిమి ముదురు చెక్క) లేని తెల్లచెక్క. బూజుకి ఎదురు నిలిచే సత్తువంతా చేవలోనే ఉంటుంది.

ఇంకో కారణం వీధిలో ఉంది, మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది. సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే వేస్తారు. మా చిన్నప్పుడు మూడు మెట్లెక్కి అరుగు మీదికి వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు ఒక్క మెట్టే మిగిలింది. వాన పడితే నీళ్ళు వాకిట్లోకే వస్తాయి, గోడ పునాది నానుతూ ఉంటుంది. పాత గోడలు సున్నంతో కట్టినవి, తడి పీల్చినా ఆరిపోయేవి. వాటికి లోపలా బయటా సిమెంటు పూత పూసేస్తే ఆ తడి ఆరే దారి లేక పైకెక్కుతుంది. గోడ అడుగున ఉప్పు పూసి, పెచ్చులూడుతుంటే అదేనని అర్థం.

ఆ ఇంట్లోనే అటక మీద మా తాతగారు కురిడీలు (లోపలి నీళ్ళు ఇంకి ఎండిన కొబ్బరికాయలు) పోసేవారు. ఎనిమిది నెలలు, ఏడాది అక్కడే ఉన్నా ఆ కాయలు పాడయ్యేవి కావు, వాటిని మోసే చెక్కా పాడవలేదు. అదే కప్పు, అదే వాన, అదే చెమ్మ గాలి. పైన గాలి ఆడుతుంది, నీళ్ళు తగలవు, అంతే తేడా. ఇది గుర్తొచ్చినప్పుడల్లా మన వాతావరణాన్ని తిట్టుకోవడం నేను మానేశాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ముందు చెంబుడు నీళ్ళ పరీక్ష చేయండి. తర్వాత గుమ్మం పక్క గోడకి అడుగు ఎత్తులో ఒక పాలిథీన్ ముక్క పెట్టి, నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు చెమట పడితే గోడలో తడి ఉంది. బయటి వైపే పడితే అది గాలి చెమ్మ. గుమ్మం వెనక బాత్రూమ్ గానీ, గోడలో కుళాయి పైపు గానీ ఉంటే ట్యాంకు వాల్వు కట్టేసి తడి తగ్గుతోందా లేదా చూడండి. పైన చూరు కూడా చూడాలి. రెండు కప్పులు కలిసే మూలలో రేకు తుప్పు పట్టి బెజ్జం పడితే నీళ్ళు గోడలోంచి దిగి కింద గుమ్మం దగ్గర తేలతాయి.

తడి దారి మూసేదాకా కొత్త చెక్క వేయకండి. ఎంత తొందరున్నా సరే. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక భూమిలో నీరు దిగుతుంది, గోడలు నిజంగా ఆరేది ఆ రోజుల్లోనే. నేను రెండోసారి ఆ మూడు నెలలూ ఆగాను. రంగు గీకించేసి, కాళ్ళ చుట్టూ టైల్ కోయించి, గుమ్మం అలా బోసిగా వదిలేశాను. చుట్టాలు అడిగితే చెప్పుకున్నాం.

ఆరాక మేస్త్రి చేసిన పని ఇది. స్క్రూడ్రైవర్ గుచ్చుతూ పైకి వెళ్ళి, మొన దిగని చోట గీత గీశారు. దానికి అడుగు పైన ఏటవాలుగా కోశారు. మన రకం బూజుకి అంత చాలు. కొత్త ముక్కని రాజమండ్రి కలప అడితిలో ఆయనే దగ్గరుండి ఏరారు, తెల్లచెక్క అంచు ఉన్న ముక్కల్ని పక్కన పడేశారు. అతుకు ఏటవాలుగా ఉండటం వల్ల బరువు నిలుస్తుంది. జిగురు పెట్టి రెండు బోల్టులు బిగించారు. అన్నిటికంటే నాకు నచ్చింది, చెక్క కాలు నేలని తాకకుండా కింద రెండంగుళాల నల్లరాయి ముక్క వేశారు. టైల్‌కీ రాయికీ మధ్య సందు పెట్టి, నీళ్ళు బయటికి జారేలా కొంచెం వాలు ఇచ్చారు.

మందు మేము ఇంట్లోనే కలిపాం. లీటరు వేడినీళ్ళలో 60 గ్రాముల వెలిగారం (బోరాక్స్), 40 గ్రాముల బోరిక్ యాసిడ్. బోరిక్ అంటే ఒకప్పుడు క్యారమ్స్ బోర్డు మీద చల్లిన పౌడరే, కానీ ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవన్నీ బోరిక్ కాకపోవచ్చు, పొట్లం మీద పేరు చూసుకోండి. పూర్తిగా కరిగాక బ్రష్‌తో పూయాలి, ఆరాక మళ్ళీ పూయాలి. ముఖ్యంగా కోసిన కొనలకి బాగా తాగించాలి, నీళ్ళు పీల్చేవి ఆ కొనలే. చేతులకి గ్లోవ్స్ వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఈ మందు వానకి కొట్టుకుపోతుంది కాబట్టి వీధి గుమ్మానికి దాని మీద రంగో వార్నిషో తప్పదు. గోడకి ఆనుకునే పక్కకి తారు పూశారు. మా కోనసీమలోని మోరి అనే ఊళ్ళో జీడిపప్పు తీసేచోట జీడిపిక్కల నూనె దొరుకుతుంది, మా తాతల కాలంలో అదే పూసేవారు. చెదలకి బాగానే పనిచేస్తుంది, కానీ చర్మం మీద పడితే కాలినట్టు బొబ్బలెక్కుతుంది. కొత్తవాళ్ళు ముట్టుకోకపోవడం మంచిది.

పగుళ్ళలో పుట్టీ, ఎమ్‌సీల్ కూరి రంగు వేయొద్దు. దానివల్ల లోపలి తడి లోపలే ఉండిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం సొంత ప్రయోగాలు వద్దు. గుమ్మం చూశాక దూలాలు కూడా చూడండి, ముఖ్యంగా దూలం కొన గోడలోకి దిగిన చోట. తాటి దూలాలైతే మరీ జాగ్రత్త. తాటికి గట్టిదనమంతా చుట్టూ ఉన్న బయటి పొరలోనే ఉంటుంది, లోపలి మెత్తటి భాగం కుళ్ళినా పైకి నిక్షేపంలా కనబడుతుంది. సుత్తితో తట్టి మోత వినండి. డొల్లగా వినబడితే ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకుండా, వెంటనే సరుగుడు బాదులతో ఊతాలు పెట్టించి, అప్పుడు మేస్త్రిని పిలవండి.

గడప గురించి మీ అమ్మగారితో కూడా మాట్లాడండి. మా అమ్మ ఇప్పుడు నీళ్ళు పోయడం లేదు, తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, పసుపు రాస్తోంది. మొదట్లో మనసొప్పలేదు, మేస్త్రి తీసిన పాత ముక్కని చేతిలో పెట్టి నలిపి చూపించాక తనే మార్చుకుంది.

మీ గుమ్మం ఏ దిక్కున ఉంది, వెనక గోడకి బాత్రూమ్ ఉందా, ఈమధ్య టైల్స్ గానీ వేయించారా? అవి చెప్పి, కాలు నేలని తాకే చోట దగ్గరగా ఒక ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.