విశాఖ మీద గైడు రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన ‘విశాఖలో ఎవరూ చెప్పని పాతిక పనులు’ చదివాను. నీకు ఊరంటే ఎంత ఇష్టమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. ఆ ఇష్టం లేనివాళ్ళు ఇలాంటివి రాయలేరు, కాబట్టి మొహమాటం పెట్టుకోకుండా చెప్తాను. ఆ పాతికలో సగానికి పైగా, స్టేషన్ బయట ఏ ఆటో ఎక్కినా డ్రైవరు చెప్పేసేవే. ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ. మిగిలినవాటిలో అరకు, లంబసింగి దూరాయి. అరకు మన ఊరు కాదురా, వంద కిలోమీటర్లు దాటి ఘాట్ రోడ్డు ఎక్కాలి. ఇవన్నీ తీసేస్తే నీ చేతిలో ఏడో ఎనిమిదో మిగులుతాయి. చాలు. వాటినే నిండుగా రాయి.

ఊళ్ళోవాళ్ళకి రహస్యమైన చోట్లేవో తెలుస్తాయని బయటివాళ్ళు అనుకుంటారు. ఫోన్లో మ్యాపు తెరిస్తే ఇప్పుడు అన్ని చోట్లూ కనిపిస్తాయి. మనకు తెలిసి, మ్యాపుకి తెలియనిది వేళ. ఏ చోటికి ఏ నెలలో, ఏ వారం, పొద్దున ఎన్నింటికి వెళ్ళాలి, ఎప్పుడు వెళ్తే తలుపులు మూసి ఉంటాయి, ఎవర్ని అడిగితే విసుక్కోకుండా చెప్తారు, ఇదంతా ఇక్కడ కాపురం ఉంటేనే తెలుస్తుంది. ఊరు తన పని తాను చేసుకుంటున్న గంటకి చదివేవాణ్ణి అక్కడ నిలబెట్టగలిగితే మామూలు చోటు కూడా వాడికి కొత్తగా ఉంటుంది.

ఫిషింగ్ హార్బర్ సంగతే తీసుకో. ‘తెల్లవారుజామున హార్బర్‌కి వెళ్తే అద్భుతమైన దృశ్యం’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఏం దృశ్యం? ఇంకా వెలుతురు రాకముందే వేట నుంచి తిరిగొచ్చిన బోట్లు జెట్టీకి వరసగా కట్టి ఉంటాయి, బోట్లోంచి బుట్టలు చేతులు మారుతూ పైకొస్తాయి, రకాన్ని బట్టి నేల మీద కుప్పలు పోస్తారు, వంజరం ఒక పక్క, చందువలు ఒక పక్క, కానాగంతలు వెండిరంగులో మెరుస్తూ ఇంకో పక్క. కుప్ప దగ్గర ఒకాయన నిలబడి గొంతెత్తి వేలంపాట మొదలుపెడతాడు, చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళతోనో తలతోనో సైగ చేస్తారు, మనకి ఎవరు ఎంతకి పాడారో అర్థమయ్యేలోపే కుప్ప అమ్ముడైపోయి ఐసు మీదకి చేరిపోతుంది. పాటలో ఆడవాళ్ళు గట్టిగా పోటీ పడతారు. వాళ్ళలో చాలామంది అక్కడే చిల్లరగా అమ్ముతారు కూడా, కాబట్టి కిలో చేప కోసం కుప్ప మొత్తం కొననక్కర్లేదు. కొన్నది పక్కకి తీసుకెళ్తే కత్తిపీట వేసుకుని కూర్చున్నావిడ పొలుసు గీరి ముక్కలు చేసి ఇస్తుంది. ఆమె చేతిని కాసేపు చూసి ఆ నాలుగు వాక్యాలు రాయి, ‘అద్భుతం’ అన్న మాట అవసరమే ఉండదు.

నీ వ్యాసంలో లేని ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మన ఊరికి బయటివాళ్ళు ఎక్కువగా వచ్చేదేమో వేసవి సెలవుల్లోనే. నీ మాట నమ్మి మే నెలలో పిల్లల్ని తెల్లవారుజామున లేపి తీసుకెళ్ళినవాళ్ళకి కట్టేసిన బోట్లు కనిపిస్తాయి. అలాగని మేలో వెళ్ళొద్దని రాయకు. ఆ రెండు నెలల్లో చూడాల్సింది వేరే ఉంటుంది, బోట్లకి రంగులేస్తుంటారు, చెక్క మారుస్తుంటారు, వలలు ఒళ్ళో పరుచుకుని చిరుగులు అల్లుతుంటారు, చేతిలో తీరిక ఉంటుంది కాబట్టి మనుషులు మాట్లాడతారు కూడా. వేట రోజుల్లో ఎవరికీ మనతో మాట్లాడే తీరిక ఉండదు. ఫొటో తీసేముందు అడగాలనీ, నేలంతా నీళ్ళతో జారుతుంది కాబట్టి పట్టున్న చెప్పులు వేసుకోవాలనీ తప్పకుండా రాయి.

పాతబస్తీ మీద నువ్వు రాసిన పేరా నాకు నచ్చలేదు. వన్‌టౌన్ అంటే మూడు కొండలు, మూడు మతాలు, మత సామరస్యానికి ప్రతీక, అక్కడితో అయిపోయింది. మనం బళ్ళో చదువుకున్నప్పటి నుంచీ పాడిందే పాట ఇది. చర్చి ఉన్న రాస్ హిల్ మీదకి పంపిస్తున్నావు కదా, అక్కడేం చేయాలో చెప్పు. ఆ కొండ కిందే పోర్టు కాలువ ఉంది. 1933లో మొదలైన ఇన్నర్ హార్బర్‌లోకి, అంటే లోపలి రేవులోకి, వెళ్ళాల్సిన ప్రతి ఓడా డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఆ కాలువలోనే దూరాలి. కాలువేమో ఇరుకు, ఓడేమో పెద్దది, అందుకని టగ్గులనే చిన్న లాగుడు పడవలు దాన్ని మెల్లగా నడిపిస్తాయి. పైనుంచి చూస్తుంటే ఊరి మధ్యలోంచి ఓడ పోతున్నట్టే ఉంటుంది. ఓడల రాకపోకలు చూపించే యాప్‌లు ఫోన్లోనే దొరుకుతాయి, ఏదైనా ఓడ లోపలికొచ్చే వేళ చూసుకుని అరగంట ముందే కొండెక్కమని రాయి. అంతా నేవీ ప్రాంతం, ఫొటోలు తీయొద్దన్న బోర్డు ఉన్నచోట కెమెరా బయటికి తీయొద్దని కూడా ఆ పేరాలోనే ఉండాలి, చివర్లో ‘గమనిక’ కింద పెడితే ఎవరూ చదవరు.

అక్కణ్ణుంచి బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి తీసుకెళ్ళు. అమ్మవారికి పైకప్పు ఉండదు, ఆకాశం కిందే ఉంటుంది, ఇది నువ్వూ రాశావు. కానీ చదివేవాడు చేయగలిగే పని ఒకటి అక్కడుంది, దాన్ని వదిలేశావు. ఆ గుళ్ళో ఎవరి పూజ వాళ్ళే చేసుకోవచ్చు. నీళ్ళు పోసి, పసుపు కుంకుమ నీ చేత్తో నువ్వే అమ్మవారికి పెట్టి దణ్ణం పెట్టుకోవచ్చు, మధ్యలో ఎవరూ ఉండరు. పెద్ద గుళ్ళలో అద్దాల అవతలి నుంచి, తోపులాటలో దేవుణ్ణి రెప్పపాటు చూసి వచ్చేవాళ్ళకి ఇదెంత పెద్ద సంగతో ఊహించు. మార్గశిరంలో గురువారాలు మాత్రం జనం విరగబడతారు. ఆ సందడే కావాలనుకునేవాళ్ళు ఆ రోజుల్లో రావాలి, నిమ్మళంగా కావాలంటే మామూలు రోజుల్లో పొద్దున్నే. బయటికొచ్చాక కురుపాం మార్కెట్ వీధుల్లో, పూర్ణా మార్కెట్ పూల కొట్ల ముందు తీరిగ్గా నడవనియ్యి. వాటికి రెండు వాక్యాలు చాలు.

సబ్‌మెరైన్ తీసెయ్యమనటం లేదు. అందరికీ తెలిసిందే అయినా తెలియని కోణం ఒకటి ఉంటే ఉంచు. ఐఎన్ఎస్ కుర్సురా 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసింది, 2002లో ఒడ్డుకొచ్చి మ్యూజియం అయింది. లోపల మనకు చూపించేవాళ్ళలో నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళు ఉంటారు. జనం సెల్ఫీలు తీసుకుంటూ వాళ్ళని దాటి వెళ్ళిపోతారు. ఆగి ‘నీళ్ళ కింద ఉన్నప్పుడు రాత్రో పగలో ఎలా తెలిసేదండీ?’ అని ఒక్క ప్రశ్న వేయమను. అలాగే అదే బీచ్ రోడ్డులో ఉన్న విశాఖ మ్యూజియం. అందులో పేలని జపాన్ బాంబు ఒకటుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులు వేశాయి, అదే రోజు కాకినాడ మీదా వేశాయి. ఆ బాంబు ముందు నిలబడినవాడికి ఆ తేదీ చెప్పి, ఇంతకుముందు కొండ మీంచి చూసిన పోర్టునే అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల రేవుగా ఊహించుకోమని చెప్పు. రెండు చోట్లకీ ఒక దారం కడితే చదివేవాడు అక్కణ్ణుంచి ఇక్కడికి ఎందుకు రావాలో తెలుసుకుని వస్తాడు. నువ్వు రాసిన పాతికా ఒకదానికొకటి పరిచయం లేనట్టు ఉన్నాయి.

తిండి గురించి రాసినప్పుడు ‘నోరూరించే’ అని మూడు చోట్ల వాడావు. మూడూ కొట్టెయ్. మురీ మిక్చర్ బండి దగ్గర ఏం జరుగుతుందో రాయి. మురీలు, అంటే మరమరాలు, వేయించిన పల్లీలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కారం, ఉప్పు, అన్నీ ఒక గిన్నెలో వేసి గరిటెతో టకటకా కలుపుతాడు, నిమ్మకాయ పిండుతాడు, కాగితం పొట్లంలో పోసి చెంచాకి బదులు అట్టముక్క గుచ్చి ఇస్తాడు. సముద్రం గాలికి నిమిషాల్లో మెత్తబడిపోతాయి కాబట్టి అక్కడే నిలబడి తినెయ్యాలి. ఇంతే.

ఇప్పుడు అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సిన మాట. ‘జనం లేని బీచ్‌లో ఒంటరిగా ఈత’ అన్న పేరా తీసెయ్. బతిమాలి చెప్తున్నాను. మన తీరం చూడ్డానికి ఎంత బావుంటుందో దిగితే అంత ప్రమాదం. ఆర్కే బీచ్‌లో నాలుగడుగులు వేసేసరికి కాళ్ళ కింద నేల ఉండదు, అల వెనక్కి వెళ్ళేటప్పుడు మనిషిని లోపలికి ఈడ్చుకుపోతుంది, ఈతొచ్చినవాళ్ళు కూడా పోయారు. యారాడ బీచ్‌లోనూ అంతే. లోపలి జిల్లాల నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చే కుర్రాళ్ళకి సముద్రం అలవాటుండదు, నువ్వు రాసిన ఒక్క ఉత్సాహమైన వాక్యం వాళ్ళని మోకాలి లోతు దాటిస్తుంది. ఊళ్ళోవాడి గైడు అని పేరు పెట్టుకున్నాక ఆ బాధ్యత మనదే. మడమలు తడిస్తే చాలని రాయి. ఎవరూ చెప్పని పని అంటే అదే, ఎవరూ వాళ్ళకి గట్టిగా చెప్పరు.

మనుషుల ప్రాణం లాగే చోట్ల ప్రాణం కూడా. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల గురించి ‘దిబ్బల అంచుల మీదకి ఎక్కి దూకండి, వీడియోలు అదిరిపోతాయి’ అన్నావు. అవి రాళ్ళు కావు తమ్ముడూ. వేల ఏళ్ళుగా గాలి, నీరు పేర్చిన ఎర్ర ఇసుక, వాన నీళ్ళే దాన్ని కోసి ఆ లోయలు చేశాయి. దక్షిణాసియాలో ఇలాంటివి చాలా అరుదు, తమిళనాడులో, శ్రీలంకలో కొన్ని ఉన్నాయి. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు కూడా. అయినా పక్కన తవ్వకాలు, లోపల ప్లాస్టిక్, అంచులెక్కి విరగ్గొట్టేవాళ్ళు. నువ్వు కింద లోయల్లో, నీళ్ళు పారిన దారుల్లోనే నడవమని రాయి. సాయంత్రం ఎండ వాలినప్పుడు గోడల రంగు ఎలా మారుతుందో కింద నుంచే బాగా కనిపిస్తుంది. గోడలో పొరలు చూడమను, ఒక చోట ముదురు ఎరుపు, ఒక చోట పసుపు కలిసిన ఎరుపు. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్ళే బస్సు ఎక్కితే సులువుగా చేరుకోవచ్చు. చాలామంది చదివేవాళ్ళకి కారు ఉండదన్నది మర్చిపోకు, ప్రతి చోటికీ బస్సు దారి రాయి.

ఆ దారిలోనే తొట్లకొండ. దాన్ని నువ్వు బాగా రాశావు, రాతిలో తొలిచిన తొట్ల వల్ల ఆ పేరొచ్చిందని, నేవీ సర్వేలో బయటపడ్డ బౌద్ధారామమని. అక్కడ రోమన్ నాణేలు దొరికాయన్న ముక్క కూడా చేర్చు, కొండ మీంచి కింద సముద్రాన్ని చూసే మనిషికి అది తెలిసి ఉంటే చూపు మారిపోతుంది. చీకటి పడకముందే దిగిపొమ్మని మాత్రం చెప్పు, ముఖ్యంగా ఆడపిల్లలు ఒంటరిగా వెళ్తే. నీ వ్యాసంలో ఎక్కడా ఆడపిల్ల ఒక్కతే వస్తుందన్న ఊహే లేదు. సగం మంది చదివేవాళ్ళు వాళ్ళే.

ఇక నువ్వు అసలు రాయనిది. సింహాచలం అంటే చందనోత్సవం అనే రాశావు, అక్షయ తృతీయ నాడు నిజరూప దర్శనం గురించి తెలియనివాళ్ళు తెలుగునాట తక్కువ. గిరి ప్రదక్షిణ ఏమైంది? ఆషాఢ పౌర్ణమి ముందురోజు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెడతారు. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్ దగ్గర సముద్రం, అక్కణ్ణుంచి ఊళ్ళోంచి ఎన్ఏడీ కూడలి, గోపాలపట్నం, మళ్ళీ కొండ కిందకి, మొత్తం 32 కిలోమీటర్లు. లక్షల మంది, చాలామంది చెప్పుల్లేకుండా, రాత్రంతా నడుస్తూనే ఉంటారు. మన ఊరు మొత్తం రోడ్డు మీదకొచ్చే రాత్రి అదొక్కటే అనిపిస్తుంది నాకు. నడిచేవాళ్ళు ఒక ఎత్తు, దారి పొడుగునా నిలబడేవాళ్ళు ఇంకో ఎత్తు. ప్రతి కాలనీవాళ్ళూ షామియానా వేసి మంచినీళ్ళు, మజ్జిగ, పులిహోర, అరటిపళ్ళు పంచుతారు, కాళ్ళు పట్టేసినవాళ్ళని కూర్చోబెట్టి మందు రాస్తారు, ముక్కూ మొహం తెలియనివాళ్ళని ‘రండమ్మా, ఒక గ్లాసు తాగి వెళ్ళండి’ అని చెయ్యి పట్టుకుని ఆపుతారు. ఆ రోజు బస్సులు దారి మళ్ళుతాయి, బయట నుంచి వచ్చేవాళ్ళు ముందే చేరుకోవాలి, నడవలేనివాళ్ళు ఒక ముక్క దూరం నడిచినా తప్పులేదు, ఇవన్నీ రాయి. దానితో పాటు, నడవకుండా ఒక షామియానా కింద చేరి గ్లాసులు అందించటం కూడా ఒక పనిగా రాయి. ఏ గైడులోనూ నాకు కనిపించలేదు, ఎవరడిగినా కాదనరు.

వచ్చే ఆషాఢానికి మా వీధివాళ్ళు ఎప్పటిలాగే మజ్జిగ పోస్తారు. సాయంత్రం నాలుగింటికల్లా వచ్చెయ్, కుండలు నింపటానికి కుర్రాళ్ళు చాలటం లేదు. మిగతా ఏడూ ఈలోపు తిరిగి రాసుకో, ఆ ఎనిమిదోది ఆ రాత్రి అయ్యాకే రాయి. అప్పుడు మొత్తం కలిపి నాకు పంపు, చదివి పెడతాను.

ఇట్లు,
అక్క