సింథటిక్ గంజాయి మామూలు గంజాయి కంటే ప్రమాదకరమా?

అవును, చాలా ఎక్కువ ప్రమాదకరం: మూర్ఛ, గుండె లయ తప్పడం, మూత్రపిండాలు దెబ్బతినడం, తీవ్రమైన భ్రాంతులు, ఒక్కోసారి మరణం కూడా సంభవిస్తాయి.

గంజాయి మొక్కలో మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీ, మెదడులో దాన్ని అందుకునే సీబీ1 గ్రాహకాలను పాక్షికంగానే ప్రేరేపిస్తుంది. ‘స్పైస్’, ‘కే2’ పేర్లతో అమ్మే సింథటిక్ గంజాయిలోని రసాయనాల్లో చాలావరకు వాటిని పూర్తి స్థాయిలో ప్రేరేపిస్తాయి. పైగా ఆ రసాయనాల పొడిని ద్రావకంలో కరిగించి ఎండుటాకుల మీద చల్లుతారు కాబట్టి అది సమంగా అంటదు. ఒకే పొట్లంలో ఒక చిటికెడు ఏమీ చేయకపోవచ్చు, పక్క చిటికెడు మనిషిని పడగొట్టవచ్చు.

అందులో ఇంకేం కలిసిందో చాలాసార్లు అమ్మేవాడికే తెలియదు. 2018లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇలాంటి సరుకులో బ్రోడిఫాకమ్ అనే ఎలుకల మందు కలిసింది. రక్తం గడ్డకట్టే గుణం పోయి, ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం పోతూ 150 మందికి పైగా జబ్బుపడ్డారు. కొందరు చనిపోయారు. ఆ విషం ఒంట్లో చాలాకాలం నిలిచి ఉంటుంది, అందుకే విటమిన్ కె చికిత్స నెలల తరబడి సాగాలి.

ఆకులు కనిపిస్తాయి గనుక ఇదీ మూలికే అనుకోవడం ఘోరమైన పొరపాటు. మత్తు ఆ ఆకులో లేదు, దాని మీద చల్లిన రసాయనంలో ఉంది. గంజాయి కోసం చేసే మామూలు మూత్ర పరీక్షలో అది సాధారణంగా బయటపడదు. అలాగని మొక్క గంజాయి సురక్షితమేమీ కాదు. చిన్న వయసులో అలవాటైతే మానసిక రోగాల ముప్పు పెరుగుతుంది.