పెద్దవాళ్ళ సైకాలజీ చదివితే ఉద్యోగం ఎక్కడ?

ప్రశ్న: మాది ఆమదాలవలస. అమ్మాయి బీఏ ఫైనలియర్. వాళ్ళ మామ్మను చూసుకుంటూ, పెద్దవాళ్ళ మీద సైకాలజీ చదువుతానంటోంది. నేను బీఈడీ అంటున్నాను. ఇందులో బతుకుతెరువు ఉందా?

జవాబు: ‘వృద్ధుల సైకాలజిస్టు కావలెను’ అన్న ప్రకటన కోసం శ్రీకాకుళంలో వెతక్కండి. పని మాత్రం బోలెడుంది. పిల్లలు వలసపోయి పెద్దవాళ్ళే మిగిలిన ఇళ్ళు మన వైపు ఎన్నో మీరూ చూస్తున్నారు.

ఆ చదువులో ఏముంటుందంటారా? జర్మనీలో మార్గ్రెట్ బాల్టెస్ అనే సైకాలజిస్టు బృందం వృద్ధాశ్రమాల్లో ఎవరు ఏం చేస్తున్నారో గమనించి రాసుకుంది. పెద్దాయన తన బట్టలు తనే వేసుకుంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. సాయం కావాలన్నట్టు కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు వచ్చి పలకరించేవారు. మనమూ అంతే కదా! చింతపండు గింజ తీస్తున్న ముసలమ్మ చేతిలోంచి చేట లాక్కుని ‘నీకెందుకమ్మా, కూర్చో’ అంటాం. ప్రేమే, కాదనను. కానీ ఆవిడకు మిగిలిన ఆ ఒక్క పనీ పోయింది. ఏది ఆవిడకే వదలాలి, ఎక్కడ చెయ్యి అందించాలి, అలా చేస్తే నిజంగా మార్పు వచ్చిందా అని కొలిచి చూడటం ఈ చదువు పని.

దారి విషయానికొస్తే, ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ పీజీ ఉంది. పీజీసెట్ రాయాలి. అర్హతలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. పీజీ ఒక్కటే ఉంటే క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోకూడదు. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర సంస్థ గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ ఉండాలి. అంత దూరం వద్దనుకుంటే పరిశోధన వైపు వెళ్ళొచ్చు. దేశంలో పెద్దవాళ్ళు ఎలా ఉన్నారో తెలుసుకునే సర్వే లాసీ. 2017-18లో జరిగిన దాని మొదటి విడతలో 45 ఏళ్ళు, ఆపై వయసువాళ్ళు, వాళ్ళ జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా వివరాలు తీసుకున్నారు. ఇలాంటివాటికి స్టాటిస్టిక్స్ వచ్చినవాళ్ళు కావాలి. లెక్కలంటే టెన్షన్ పడే పిల్లయితే ఇప్పుడే మొదలుపెట్టమనండి. మన యాసలో మామ్మల దగ్గర కూర్చుని మాట రాబట్టగలగడం ఆమెకున్న బలం. బయటి నుంచి వచ్చినవాళ్ళకు అది అంత తేలిగ్గా రాదు.

బీఈడీని ఇప్పుడే కొట్టేయకండి. సెలవుల్లో దగ్గర్లోని వృద్ధాశ్రమం వాళ్ళనూ అక్కడి పెద్దవాళ్ళనూ అడిగి, కొన్నాళ్ళు వెళ్ళి నోట్సు రాయనివ్వండి. అక్కడ విసుగొస్తే బీఈడీ ఎలాగూ ఉంది, అప్పుడు మీ మాటే వింటుంది.